దీపము ఎవరి కంటికి?

తొలకరి చినుకు పడిన సాయంకాలమున ఉసిళ్ళు లేచుట చూడనివారు మనలో నుండరు. దసమంతపూరులో మా అంగడి ముందర ఆ సాయంకాలము ప్రతి సంవత్సరమును ఒక్క తీరుగనే వచ్చును. కొండమీద మబ్బు క్రమ్మును. గంటసేపు వాన కురిసి వెలియును. చీకటి పడగానే పుట్టలనుండి వేలకొలది ఉసిళ్ళు లేచి, వీధిలో ఎక్కడ దీపమున్న అక్కడికి వచ్చి పడును. తెల్లవారుసరికి అరుగంతయు రెక్కలే. ఆ రెక్కలను ఊడ్చుచుండగా కోళ్ళు వచ్చి మిగిలిన పురుగులను ఏరుకొని తినును.

మా నాన్నగారి కాలమున మా అంగడికి పెట్రోమాక్సు దీపముండెడిది. ఉసిళ్ళు లేచిన రాత్రి ఆయన, బేరమున్నను లేకున్నను, దీపమార్పించి తలుపులు వేయించెడివారు. "ఈ పూట అమ్మకం వాటికి వదిలేద్దాం" అనెడివారు. అదే రాత్రి చుట్టుప్రక్కల పల్లెలవారు దీపము క్రింద నీళ్ళ పళ్ళెము పెట్టి, అందులో పడిన ఉసిళ్ళను వేయించుకొని తినెడివారు. ఒకే వాన, ఒకే పురుగు. ఒకరు దీపమార్పిరి, ఒకరు వెలిగించిరి. చిన్నతనమున నాకది వారి వారి ఆచారముగా మాత్రమే తోచినది. దానిలో ఒక పెద్ద ప్రశ్నమున్నదని ఏబది యేండ్లు దాటిన తరువాత, అదియును నా గోదాము తలుపు దగ్గర నిలువబడి తెలిసికొంటిని. ఆ ప్రశ్నమునే ఈ సంచిక చదువు సోదరీ సోదరుల ముందు పెట్టుచున్నాను. నేను పండితుడను కాను. చోళ్ళు, అపరాలు, వలిసెలు కొని అమ్మువాడను. హైస్కూలు చదువుతో ఆగినవాడను. పొరపాట్లున్న పెద్దలు మన్నింతురుగాక.

గత సంవత్సరము సంక్రాంతి వెళ్ళిన తరువాత మా మేనల్లుడు వచ్చెను. బి.యస్సీ. చదివినవాడు, బుద్ధిమంతుడు. మా అంగడి వెనుక రేకుల గోదాము ఒకటి ఖాళీగా నుండెను. దానిని నెలకు ఎనిమిది వేల రూపాయల అద్దెకిమ్మని అడిగెను. "దేనికిరా?" అంటిని. "ఈగలు పెంచుతాను మావయ్యా" అనెను. హాస్యమనుకొంటిని. హాస్యము కాదు.

ఆ ఈగను ఇంగ్లీషున ‘బ్లాక్ సోల్జర్ ఫ్లై’ అందురు. నల్లగా, సన్నగా, చూచుటకు కందిరీగవలె నుండును గాని కుట్టదు. దీని పుట్టిల్లు అమెరికా ఖండము. నేడు వెచ్చని దేశములు పెక్కింటను కలదు. దీని పిల్లపురుగు కుళ్ళిన కూరగాయలు, ఎంగిలి మెతుకులు, పేడ, ఏది దొరికిన అది తిని రెండు మూడు వారములలో బలిసిపోవును. అట్లు బలిసిన పురుగును చంపి, ఎండబెట్టి, పొడిచేసి, కోళ్ళకును చేపలకును రొయ్యలకును మేతగా అమ్ముదురు. ఐరోపా సమాఖ్య 2017లో చేపల మేతయందును, 2021లో కోళ్ళ, పందుల మేతయందును ఇట్టి పురుగుల పొడిని వాడుటకు అనుమతించినది. మన దేశమునను ఈ పరిశ్రమ మొదలైనది. కోస్తాలో భీమవరము, నెల్లూరు ప్రాంతములలో రొయ్యల చెరువులున్నవి గనుక గిరాకికి లోటు లేదని మావాని లెక్క.

అద్దె మాట అయిన పిమ్మట అతడు దీపముల మాట ఎత్తెను. గోదామును రెండుగా చేసి, ఒక భాగమును చీకటిగను, ఒక భాగమును మిక్కిలి వెలుగుగను ఉంచవలెనట. ఎందుకని అడిగితిని. అతడు చెప్పినదియు, తరువాత నేను చదివించుకొని వినినదియు కలిపి వ్రాయుచున్నాను. ఎందుకనగా ధర్మవిచారము చేయువాడు ముందు విషయము తెలిసికొనవలెను.

పిల్లపురుగుకు వెలుగు గిట్టదు. మూత తీయగానే మేతలోనికి దూరిపోవును. పెంచువారు దీనిని పనికి తెచ్చుకొందురు: పైన దీపము పెట్టిన పురుగులు క్రిందికి దిగును, పైనున్న ఎరువును సులువుగా తీసివేయవచ్చును. అట్లని పూర్తి చీకటియు దానికి మంచిది కాదు. దినమునకు ఎనిమిది గంటలో పండ్రెండు గంటలో వెలుగు సోకిన వాటికంటె, వెలుగే యెరుగని పిల్లలు ఎదుగుటకు ఎక్కువ కాలము పట్టినదని పరీక్షించినవారు కనుగొనిరి. ఎదిగిన పిమ్మట పురుగు మేతను విడిచి, పొడిగా చీకటిగా నున్న మూలను వెదకుకొని ప్రాకిపోయి, అక్కడ కదలక పడియుండి రెక్కలు తెచ్చుకొనును.

రెక్కలు వచ్చిన తరువాత కథ తలక్రిందులగును. ఈగకు తిండి అంతగా అక్కరలేదు; పిల్లగా నున్నప్పుడు తిన్నదానితోనే గడుపుకొనును. ఆయుర్దాయము వారము, పది దినములు. ఆ కొద్ది దినములలో జతకూడి, ఆడ ఈగ ఒక్కొక్కటి సుమారు ఐదువందల గ్రుడ్లు పెట్టును. జతకూడుటకు మాత్రము ప్రకాశమైన వెలుగు కావలెను. సూర్యుని వెలుగు అన్నిటికంటె మేలు. మబ్బు పట్టిన దినమున జతలు తగ్గిపోవును. 2010లో చైనా పరిశోధకులు ప్రకటించిన దానినిబట్టి, 500 వాట్ల క్వార్ట్జ్ అయోడిన్ దీపము క్రింద ఈగలు జతకూడినది, ఎండలో జతకూడిన దానిలో నూటికి 61 వంతు. మరియొక రకపు దీపము క్రింద అసలే జతకూడలేదు. ఆ ఈగ కన్ను మన కన్నువంటిది కాదు. మనకు కనబడని అతినీలలోహిత కాంతిని, నీలమును, ఆకుపచ్చను అది బాగుగా పట్టుకొనును. అందుచే ఆ రంగులు కలిసిన ఎల్.ఇ.డి. దీపములను తయారుచేసి దానికి చూపుచున్నారు.

మా కోరాపుట్ కొండలలో ఆషాఢమునుండి భాద్రపదము వరకు వారముల తరబడి సూర్యుడు సరిగా కనబడడు. కావున మావానికి దీపములే ఆధారము. "దీపం కుదిరితే గుడ్లు, గుడ్లు కుదిరితే సరుకు. కిటుకంతా దీపంలోనే ఉంది మావయ్యా" అనెను. ఆ మాట వినినప్పుడు నా మనస్సు చివుక్కుమనెను. ఆ నెలలే గదా మనకు చాతుర్మాస్యము! నేలమీద పుట్టు పురుగును త్రొక్కుదుమేమో యని మన సాధువులు నడకయే మాని ఒకచోట నిలిచిపోవు నెలలలో, మా గోదాములో పురుగు పుట్టుటకు దీపములు వెలుగవలెను.

ఇది వట్టి విదేశపు విద్యయని త్రోసివేయుటకు వీలు లేదు. మన తెలుగునాట హిందూపురము, మదనపల్లె వైపున పట్టుపురుగుల రైతులు వెలుగుతో ఇట్టి పనియే చేయుచున్నారు. పట్టుపురుగు గ్రుడ్డుమీద నల్లని చుక్క కనబడగానే, గ్రుడ్ల కాగితములను నల్లని గుడ్డలోనో కాగితములోనో చుట్టి చీకటిలో పెట్టుదురు. ముందుగా సిద్ధమైన పిల్ల ఆగును, వెనుకబడిన పిల్ల అందుకొనును. ఒకటి రెండు దినములైన తరువాత తెల్లవారుజామున చుట్టు విప్పి వెలుగు చూపగానే అన్నియు ఒక్కమారుగా గ్రుడ్డు పగులగొట్టుకొని బయటికి వచ్చును. అన్నిటికిని ఒకే వయస్సు గనుక ఒకేసారి ఆకు వేయవచ్చును, ఒకే దినమున గూళ్ళు కోయవచ్చును. ఆ తరువాత గూటిలోని ప్రాణి వేడి ఆవిరిలో చచ్చును. అరకిలో పట్టునకు సుమారు రెండున్నర మూడు వేల గూళ్ళు పట్టును. ఆ జీవి మొదట చూచిన వెలుగు ఉదయము కాదు. ఒకరి లెక్కలోని తేది. మన ఇండ్లలో పెండ్లికి పట్టుబట్ట కట్టుకొన్న ప్రతివారును ఆ లెక్కలో భాగస్థులమే. కావున ఈగను గూర్చి మాటలాడునప్పుడు మనమేమో శుద్ధులమనియు, పరులు పాపులనియు అనుకొనరాదు.

ఇక మన శాస్త్రము మాట. కృమికి స్పర్శ, రుచి అను రెండింద్రియములు. చీమకు వాసనతో మూడు. ఈగకు, తుమ్మెదకు కన్నుతో నాలుగు అని చిన్నప్పటినుండి వినుచున్నాము. కన్ను వచ్చిన చోట జీవుడు ఒక మెట్టు ఎక్కినాడన్నమాట. చిత్రమేమనగా, ఈ వ్యాపారమంతయు ఆ నాలుగవ ఇంద్రియము మీదనే నిలిచియున్నది. జీవునకు ఎక్కిన మెట్టే ఇక్కడ పట్టుకొనుటకు పిడి యైనది.

కన్ను వలన చెడిన ప్రాణికి మన పెద్దలు శలభమును దృష్టాంతముగా చెప్పుదురు. లేడి చెవి వలన, ఏనుగు స్పర్శ వలన, చేప నాలుక వలన, తుమ్మెద ముక్కు వలన చెడినట్లు శలభము రూపమునకు మోహపడి దీపమున పడునని. 2024 జనవరిలో లండను ఇంపీరియల్ కళాశాలవారును వారి తోటివారును ఒక క్రొత్త సంగతి ప్రకటించిరి. అతివేగముగా బొమ్మలు తీయు కెమెరాలతో దీపము చుట్టు తిరుగు పురుగులను వారు పట్టి చూచిరి. పురుగు దీపము మీదికి సూటిగా పోవుట లేదు. తన వీపును దీపము వైపునకు త్రిప్పుచున్నది. రాత్రివేళ నేలకంటె ఆకాశమే వెలుగుగా నుండును గనుక, వెలుగు వైపు వీపు పెట్టినచో తాను తిన్నగా ఎగురుచున్నట్లు దానికి గుర్తు. దీపము ప్రక్కన నున్నప్పుడు ఆ గుర్తే దానిని మరల మరల త్రిప్పి అక్కడనే కట్టిపడవేయును. అనగా అది దీపమును మోహించుట లేదు, దీపమును ఆకాశమనుకొనుచున్నది. పెద్దల దృష్టాంతము మన ఇంద్రియనిగ్రహము కొఱకు చెప్పినది, అది చెడిపోదు. కాని శలభమునకు మాత్రము న్యాయము చేయవలెను. మోహించినవానిని దోషి యనవచ్చును గాని, మోసపోయినవానిని అనరాదు. అట్లైన విచారింపవలసినది దీపము పెట్టిన చేతిని.

ఇది నేను మేనల్లునితో అంటిని. అతడు వట్టిగా ఊరకుండువాడు కాదు. అతని వాదములు మూడు. మూడును బలమైనవే గనుక దాచక వ్రాయుచున్నాను.

మొదటిది: "ఇప్పుడు రొయ్యల మేతకి సముద్రంలో చిన్న చేపల్ని పట్టి ఎండబెట్టి పొడి కొడుతున్నారు. చేప పంచేంద్రియ జీవి. దాని బదులు పురుగు పెడితే హింస తగ్గినట్టా, పెరిగినట్టా?" రెండవది: "ఊళ్ళో కుళ్ళు అంతా ఈ పురుగు తినేసి ఎరువు చేస్తుంది. అది మంచి పని కాదా?" రెండవ దానికి నేను వెంటనే ఒప్పుకొంటిని. కుళ్ళును తిను పురుగు లోకమునకు ఉపకారియే. దానిని చంపి అమ్ముటయే చిక్కు. ఎరువునకైతే ఎరువుకుప్ప చాలును.

మొదటి వాదము నన్ను చాల దినములు నిద్రపోనీయలేదు. వర్తకుడను గనుక లెక్క వేసితిని. బలిసిన పిల్లపురుగు బరువు గ్రాములో అయిదవ వంతు. కిలోకు ఐదు వేలు. క్వింటాలుకు ఐదు లక్షలు. టన్నుకు ఏబది లక్షల ప్రాణములు. ఒక ప్రక్క చేపలు, ఒక ప్రక్క ఏబది లక్షలు. ఏ తూనికరాయి వేసి తూచవలెను? అప్పుడు మా చిన్నతనమున విన్న ఆర్ద్రకుమారుని కథ జ్ఞప్తికి వచ్చెను. సూత్రకృతాంగములోనిది. హస్తితాపసులను సన్యాసులు కొందరుండిరి. పెక్కు చిన్న ప్రాణులను చంపుటకంటె సంవత్సరమునకొక పెద్ద ఏనుగును చంపి దాని మాంసముతో గడుపుట తక్కువ హింసయని వారి వాదము. ఆర్ద్రకుడు వారిని ఒప్పుకొనలేదు. ఏడాదికి ఒక్క ప్రాణిని చంపినను చంపిన దోషము చంపినవానిని విడువదని అతని సమాధానపు సారాంశము. మావాడు ఆ వాదమునే తిరగవేసి చెప్పుచున్నాడు: పెద్దదానిని విడిచి చిన్నవానిని చంపెదనని. సంఖ్య మారినది, ఇంద్రియముల లెక్క మారినది, చంపెదనను నిశ్చయము మారలేదు. పైగా ఆ పొడి తిన్న రొయ్యయు కోడియు ముక్తికి పోవుట లేదు. అవియు కత్తికే పోవుచున్నవి. ఒక హింసను మరియొక హింసకు మేతగా వేసి, మధ్యలో మిగిలిన దానిని దయ యనుట నా మనస్సునకు ఒప్పలేదు.

అయినను చేపల సంగతి అబద్ధము కాదు. ఎవరైన నిజముగా ఆ చేపలను రక్షింపదలచినచో నేను వారిని ఎగతాళి చేయను. తక్కువ చెడును ఎన్నుకొనువాడు చెడ్డవాడు కాడు. కాని తక్కువ చెడును మంచి యని పేరు పెట్టి, పైన లాభము కట్టుకొన్నప్పుడు మాత్రము జాగ్రత్తపడవలెను.

మూడవ వాదము వాడు మెల్లగా, కన్నులు దించుకొని చెప్పెను. అదియే నాకు తగిలినది. "కోపగించకు మావయ్యా. ఏటా నువ్వు గోదాములో గుళికలు పెట్టించి ఎన్ని పురుగుల్ని చంపుతున్నావు? చంపితే పాపం లేదు గాని, పెంచితే పాపమా?"

ధాన్యపు వర్తకులకు చెప్పనక్కరలేదు. చోళ్ళు యేండ్లు నిలువయున్నను చెక్కుచెదరవు గాని, బియ్యమునకు ముక్కుపురుగు, పెసలకు కందులకు పుచ్చుపురుగు తప్పవు. మందు వేయువారిని పిలిపించి, బస్తాలపై టార్పాలిను కప్పి, అల్యూమినియం ఫాస్ఫైడు గుళికలు పెట్టించి, తలుపులు మూసి దినములు గడిపి తెరచుట మా వాడుక. తెరచినప్పుడు నేలమీద పడియున్న పురుగులను చీపురుతో ఊడ్పించి చేటతో ఎత్తించిన దినములున్నవి. ఎన్నియో లెక్క వేయలేదు. ఈగల లెక్క టన్నులలో వేసిన నేను ఆ చేటలోని లెక్క ఎన్నడును వేయలేదు.

హింస నాలుగు విధములని మన పెద్దలు చెప్పుదురు. చంపవలెనని తలచి చేయునది సంకల్పీ హింస. వంట, ఇల్లూడ్చుట మొదలగు వానిలో జరుగునది ఆరంభీ. వ్యవసాయము, వ్యాపారములలో తప్పక జరుగునది ఉద్యోగీ. ఆత్మరక్షణకై చేయునది విరోధీ. గృహస్థుడు మొదటిదానిని పూర్తిగా విడువవలెను. తక్కిన మూడింటిని యత్నముతో తగ్గించుకొనుచు పోవలెను. నా గుళికలు ఉద్యోగీ హింసలోనికి వచ్చునని నేను ఇన్నాళ్ళు సమాధానపడితిని. మేనల్లుడును అదే మాట పట్టుకొనెను: "నాదీ ఉద్యోగమే కదా!"

రెండింటికిని భేదము ఎక్కడ? చాల ఆలోచించి నాకు తోచిన గుర్తు ఇది. వర్తకుని గుర్తు గనుక వర్తకుల భాషలో చెప్పెదను. "ఆ జీవి పుట్టకయే పోయినచో నాకు లాభమా, నష్టమా?" అని ఎవరికి వారు ప్రశ్నించుకొనవలెను. నా గోదాములో పురుగు పుట్టకపోయిన నాకు లాభము. దాని చావు నాకు అక్కరలేదు; అది లేకుండుటయే నాకు కావలెను. ఈగల గోదాములో పురుగు పుట్టకపోయిన నష్టము. అక్కడ దాని పుట్టుక పెట్టుబడి, దాని చావు రాబడి. చావును ముందుగా లెక్కలో వ్రాసుకొని, దాని కొఱకు పుట్టుకను దీపము పెట్టి పిలుచుట సంకల్పము కాక మరేమి? హేమచంద్రాచార్యులు పండ్రెండవ శతాబ్దమున యోగశాస్త్రములో శ్రావకుడు విడువవలసిన పదునైదు వ్యాపారములను చెప్పుచు వానిలో లక్క వ్యాపారమును చేర్చిరి. లక్క పురుగులు వేలకొలది చచ్చిన గాని లక్క రాదు గనుక. కొండప్రాంతపు వర్తకులకు లక్క నాడు మంచి లాభపు సరుకు. అయినను విడువుమనిరి. ఈ పురుగుల పొడి ఆ పట్టికలో లేదు. ఉండుటకు నాడు అది పుట్టలేదు. కాని లక్క ఉన్న వరుసలో దీనికి చోటున్నదని నాకు స్పష్టముగా తోచినది.

ఇంతవరకు చెప్పి నేను గెలిచితిననుకొంటిని. అప్పుడు వాడు ఒక్క మాట అనెను: "ఆ తేడా నీకు ఉంది మావయ్యా. చచ్చే పురుగుకి లేదు."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికిని లేదు. నా గుర్తు నాకు సంకల్పములోని తేడాను చూపును గాని, చేటలోని పురుగును బ్రతికింపదు. కావున వానికి గోదాము ఇయ్యననుటతో నా ధర్మము తీరలేదని గ్రహించితిని. నిజముగా పురుగు పుట్టకుండుటయే నాకు కావలెనన్నచో, పుట్టకుండునట్లు నేనేమి చేసితిని? ఏమియు చేయలేదు. గుళిక చవుక, ఎండ ఖర్చు. అందుచే గుళికను ఎన్నుకొంటిని.

ఆ సంవత్సరమునుండి కొంత మార్చితిని. పెసలు, కందులు కళ్ళమునుండి రాగానే, పురుగు పట్టకముందే, చదునైన గచ్చుమీద పలుచగా పరచి ఎండించుచున్నాము. పురుగు పట్టిన తరువాత ఎండబెట్టిన గింజలోని పిల్ల ఎండకు చచ్చును. ముందే ఎండబెట్టిన అందులో పుట్టుటకే కష్టము. తేమ చూచు యంత్రము కొంటిని. నూటికి పండ్రెండు వంతులకు మించి తేమ యున్న సరుకును బస్తాకెత్తించుట లేదు. పాత గోతములను మరల వాడక, గాలి చొరని సంచులు తెప్పించితిని. కందులకు మా పెద్దలవలె ఎర్రమన్ను పట్టించి ఆరబెట్టుచున్నాము. గోదాము పగుళ్ళు పూడ్పించితిని. పైకప్పులో రెండు చోట్ల వెలుగు వచ్చు రేకులు వేయించితిని. పిండిపురుగులు, ముక్కుపురుగులు చీకటి మూలలను కోరును. వెలుగున్న గోదాములో ఏ మూల ఏమున్నదో మన కంటికి ముందే తెలియును. కూలి ఖర్చు పెరిగినది. గుళికలు పూర్తిగా మానితినని చెప్పలేను. నిరుడు రెండు మారులు పెట్టించు చోట ఒక్కమారు పెట్టించితిని. ఇది గొప్పగా చెప్పుకొనుటకు కాదు. ఎంత మిగిలియున్నదో చెప్పుటకు.

వ్యాపారము మార్చుకొనుట సాధ్యమా యని అడుగువారికి మన హైదరాబాదునే ఒక ఉదాహరణ కలదు. ప్రభుత్వ చేనేత శాఖలో పనిచేసిన కుసుమ రాజయ్యగారు, 1990 ప్రాంతమున నాటి రాష్ట్రపతి వెంకట్రామన్‌గారి సతీమణి జానకిగారు పురుగును చంపని పట్టుచీర దొరకునా యని అడిగిన మాటను పట్టుకొని, సీతాకోక గూడును తొలుచుకొని ఎగిరిపోయిన తరువాత ఆ గూటినుండి దారము వడకించి ‘అహింసా పట్టు’ నేయించిరి. దారము తెగియుండును, మెరుపు తగ్గును, పని పెరుగును, ధర ఎక్కువగును. అయినను కొనువారు దొరకిరి. ఆ సీతాకోకయు మనిషి పెంచినదే, ఎన్నో దినములు బ్రతుకదు. కావున అందులోను ప్రశ్నలు తీరిపోలేదు. కాని ‘చంపక తీరదు’ అను మాట ఒక్కచోటనైన అబద్ధమని తేలినది. ఒక్కచోట తేలిన చాలును, తక్కిన చోట్ల మరల అడిగి చూడవలసిన భారము మనపై పడును.

మా కొండలకు అహింస క్రొత్త అతిథి కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు ఈ సీమ విశాఖపట్టణము జిల్లాలోనిదే. క్రింద రామతీర్థపు కొండమీదను, పైన నందపురము దగ్గర సుబాయిలోను తీర్థంకరుల విగ్రహములు నేటికిని ఉన్నవి. సుబాయి గుడులు శిథిలమైనవి. విగ్రహములు మాత్రము కన్నులు అరమోడ్చి కూర్చుండియున్నవి. నేను అక్కడికి పోయినప్పుడు ఉసిళ్ళ పళ్ళెము పెట్టుకొను పల్లెవారిని తలచుకొంటిని. ఆకలికి, వానాకాలపు కొరతకు, ఒక్క రాత్రి దీపము పెట్టువానికిని, సంవత్సరమంతయు లాభమునకు దీపము పెట్టువానికిని భేదమున్నది. వారికి నీతి చెప్పు అధికారము గోతాము నిండ ధాన్యము గల మనకు లేదు. మన నీతి మనకు చెప్పుకొందము.

ఇక దీపము మాట చెప్పి ముగించెదను. మన ధర్మములో వెలుగు దేనికి? ప్రొద్దు క్రుంకిన తరువాత భుజింపరాదనుట దేనికి? అన్నములో పడిన చిన్న జీవిని చూచుటకు పగటి వెలుగు కావలెను గనుక. సాధువు పగటిపూటనే, ముందున్న నేలను చూచుకొనుచు నడచుట దేనికి? కాలి క్రింది జీవిని తప్పించుటకు. వస్త్రమును వెలుగులో విప్పి చూచి ధరించుట దేనికి? అందులో నున్న జీవికి అపాయము లేకుండుటకు. మహావీరస్వామి పావాపురియందు నిర్వాణము పొందిన రాత్రి మల్ల, లిచ్ఛవి రాజులు దీపములు వెలిగించిరని మనము దీపావళిని జరుపుకొనుచున్నాము. ఆ దీపమును ఆరిపోయిన జ్ఞానమునకు గుర్తుగా వెలిగించిరి. అన్నిచోట్లను వెలుగు మన కంటికి. మనము చూచి తప్పుకొనుటకు. ఈగల గోదాములో వెలుగు జీవి కంటికి. అది చూచి చిక్కుకొనుటకు. ఒకే దీపము. ఎవరి కంటికి పెట్టితిమనునదే భేదము. మా నాన్నగారు ఉసిళ్ళ రాత్రి దీపమార్పినది ఈ భేదము తెలిసియే యని ఇప్పుడనుకొనుచున్నాను. ఆయన మాకు దానిని మాటలలో చెప్పలేదు.

మేనల్లునికి గోదాము ఇయ్యలేదు. వాడు క్రింద మైదానములో వేరొకచోట షెడ్డు తీసికొని పని సాగించుచున్నాడు. వానిని నేను పాపి యనలేదు. వాడు నన్ను చాదస్తుడనలేదు. పండుగకు వచ్చినప్పుడు ఇద్దరమును ప్రొద్దు క్రుంకకముందే ఒక పంక్తిని కూర్చుండి భోజనము చేయుచున్నాము. ఈ యేడు తొలకరి పడిన రాత్రి వాడు ఫోను చేసెను. "మావయ్యా, ఇక్కడ ఉసిళ్ళు లేచాయి. బయట దీపం ఆర్పేశాను" అనెను. కొంచెము ఆగి, "లోపలిది ఆర్పలేదు" అనెను. నేనేమియు అనలేదు. నా గోదాములోను ఆర్పవలసిన దొకటి ఇంకను మిగిలియున్నది గదా!

ఈ సంచిక చదువు వర్తక సోదరులను నేను వేడుకొనునది స్వల్పము. వానాకాలమున అంగడి ముందరి దీపమును పని తీరగానే ఆర్పుడు. సరుకును పురుగు పట్టకముందే ఎండబెట్టుడు. క్రొత్త వ్యాపారమేది వచ్చినను, "ఆ జీవి పుట్టకపోయిన నాకు లాభమా, నష్టమా?" అని ఒక్కమారు ప్రశ్నించుకొనుడు. జవాబు ఎవరి మనస్సునకు వారికే తెలియును.

జై జినేంద్ర.